అప్‌గ్రేడ్ అయ్యాక లైనక్స్‌లో 'షేర్డ్ లైబ్రరీ' ఎర్రర్ వస్తోందా? సిమ్‌లింక్ కొట్టే ముందు ఇది చదవండి

ఉబుంటు అప్‌గ్రేడ్ సక్సెస్‌ఫుల్‌గా అయిపోయింది. రీబూట్ చేశారు, కొత్త వాల్‌పేపర్ వచ్చింది, అంతా బాగానే ఉంది అనుకున్నారు. నిన్నటిదాకా పనిచేసిన ఒక ప్రోగ్రామ్ ఓపెన్ చేయగానే టెర్మినల్‌లో ఒకే ఒక్క లైన్ వచ్చి ఆగిపోయింది: "ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ".

నాకు ఈ లైన్ మొదటిసారి కనిపించింది బీటెక్ ఫైనల్ ఇయర్‌లో, ప్రాజెక్ట్ రివ్యూకి ముందు రోజు రాత్రి. ఉబుంటు 20.04 నుంచి 22.04కి అప్‌గ్రేడ్ చేశాను. రివ్యూ ముందు రోజు ఆ పని ఎందుకు చేశానంటే నా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. మా ప్రాజెక్ట్ మొత్తం ఒక పాత డేటాబేస్ సర్వర్ మీద నడుస్తోంది, అది లేవట్లేదు. టీమ్‌లో నలుగురం ఉంటే, "మావా, డెమో ఉంది కదా రేపు, ఇప్పుడేంటి" అని ముగ్గురూ నా మొహమే చూస్తున్నారు. నెట్‌లో దొరికిన మొదటి చిట్కా కాపీ పేస్ట్ చేశాను. ఇంకో ఎర్రర్ వచ్చింది. అసలు ఆ లైన్ ఏం చెబుతోందో అర్థం చేసుకుని ఉంటే ఇరవై నిమిషాల్లో అయ్యే పని, తెల్లవారుజామున నాలుగింటిదాకా సాగింది.

ఆ ఇరవై నిమిషాల పనే ఇప్పుడు మీకు చెప్తాను. ఒక్క మాట: కమాండ్స్, ఫైల్ పేర్లు ఇక్కడ తెలుగులో రాశాను. టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లిష్‌లోనే కొట్టాలి, నేను ప్రత్యేకంగా చెప్తే తప్ప అన్నీ చిన్న అక్షరాలే.

అసలు షేర్డ్ లైబ్రరీ అంటే ఏంటి?

విండోస్‌లో గేమ్ ఇన్‌స్టాల్ చేసినప్పుడు "ఎంఎస్‌వీసీపీ140.డీఎల్ఎల్ మిస్సింగ్" అనే బాక్స్ చూసే ఉంటారు. ఇది దానికి లైనక్స్ అన్నయ్య. విండోస్‌లో డీఎల్ఎల్ చేసే పనే లైనక్స్‌లో .ఎస్ఓ ఫైల్ చేస్తుంది. ఎస్ఓ అంటే షేర్డ్ ఆబ్జెక్ట్.

ఎన్‌క్రిప్షన్ చేయడం, ఫైల్ కంప్రెస్ చేయడం, స్క్రీన్ మీద అక్షరాలు చూపించడం లాంటి పనులు వందల ప్రోగ్రాములకి కావాలి. ప్రతి ప్రోగ్రామ్ ఆ కోడ్‌ని తనలోనే మోసుకుని తిరిగితే డిస్క్ వేస్ట్, ర్యామ్ వేస్ట్. అందుకే ఆ కోడ్‌ని ఒక ఫైల్‌లో పెట్టి, అందరూ దాన్నే వాడుకుంటారు.

దీనివల్ల అసలైన లాభం సెక్యూరిటీలో ఉంది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే బగ్ బయటపడింది. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ వరకు ఉన్న వెర్షన్లలో ఈ లోపం ఉంది. సర్వర్ మెమరీలోంచి పాస్‌వర్డ్స్, ప్రైవేట్ కీస్ లాంటివి బయటివాళ్లు లాగేయొచ్చు. ఫిక్స్ 1.0.1జీలో వచ్చింది. ఆ షేర్డ్ లైబ్రరీ ప్యాకేజీ ఒక్కటి అప్‌డేట్ చేసి, దాన్ని వాడే సర్వీసులు రీస్టార్ట్ చేస్తే చాలు, సిస్టమ్‌లో ఆ లైబ్రరీని వాడే ప్రోగ్రాములన్నీ ఒకేసారి సేఫ్. ప్రతి ప్రోగ్రామ్ తన సొంత కాపీ పెట్టుకుని ఉంటే, ఒక్కోదాన్నీ వెతికి వెతికి మార్చాల్సి వచ్చేది.

ఈ సౌకర్యానికి మనం కట్టే మూల్యమే ఆ ఎర్రర్. అందరూ వాడుకునే ఫైల్ ఒక్కటే కాబట్టి, అది మారితే దాని మీద ఆధారపడిన పాత ప్రోగ్రాములు గాల్లో ఉండిపోతాయి.

ప్రోగ్రామ్ రన్ చేసినప్పుడు లోపల ఏం జరుగుతుంది?

మీరు ఎంటర్ కొట్టగానే ప్రోగ్రామ్ డైరెక్ట్‌గా మొదలవదు. ముందు డైనమిక్ లోడర్ అనే చిన్న ప్రోగ్రామ్ రంగంలోకి దిగుతుంది. 64 బిట్ ఇంటెల్, ఏఎండీ సిస్టమ్స్‌లో దాని పేరు ఎల్‌డీ-లైనక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2. ప్రోగ్రామ్ ఫైల్ లోపల "నాకు ఫలానా లైబ్రరీలు కావాలి" అని ఒక లిస్ట్ ఉంటుంది. లోడర్ ఆ లిస్ట్ చదివి, ఒక్కోదాన్నీ వెతికి మెమరీలోకి తెస్తుంది. ఒక్కటి దొరక్కపోయినా అక్కడే ఆపేస్తుంది. ఎగ్జిట్ కోడ్ 127 ఇచ్చి వెళ్లిపోతుంది.

ఎక్కడెక్కడ వెతుకుతుంది? ఆర్డర్ దాదాపు ఇలా ఉంటుంది:

1. ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఉన్న ఫోల్డర్లు. దీన్ని మొత్తం క్యాపిటల్ లెటర్స్‌లో రాయాలి.
2. ప్రోగ్రామ్ ఫైల్‌లోనే రాసిపెట్టి ఉన్న దారి. దీన్ని రన్‌పాత్ అంటారు. పాత పద్ధతిలో బిల్డ్ చేసినవాటిలో దీని బదులు ఆర్‌పాత్ ఉంటుంది, అది ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ కంటే ముందే చూస్తారు.
3. /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.క్యాష్ అనే ఫైల్. సిస్టమ్‌లో ఉన్న లైబ్రరీల ఇండెక్స్ ఇదే.
4. చివరగా /లిబ్, /యూఎస్ఆర్/లిబ్ లాంటి డిఫాల్ట్ ఫోల్డర్లు.

గమనించారా, ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్ ఈ లిస్ట్‌లో లేదు. విండోస్‌లో డీఎల్ఎల్‌ని ఈఎక్స్ఈ పక్కన పడేస్తే పని అయిపోతుంది. లైనక్స్‌లో అలా పడేస్తే లోడర్ దాన్ని పట్టించుకోదు. విండోస్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువగా తప్పులో కాలేసేది ఇక్కడే.

చివర ఉన్న ఆ నంబర్ చాలా ముఖ్యం

లిబ్‌ఎస్ఎస్ఎల్.ఎస్ఓ.1.1 అన్నప్పుడు చివరి 1.1 ఏదో మామూలు వెర్షన్ నంబర్ అనుకుంటాం. కాదు, అది ఒక మాట. "ఈ నంబర్ మారనంతవరకు, నా పాత ఫంక్షన్లు అలాగే ఉంటాయి, పాత ప్రోగ్రాములు చెడిపోవు" అని లైబ్రరీ రాసినవాళ్లు ఇచ్చే మాట. దీన్ని ఎస్ఓనేమ్ అంటారు. ఆ మాట నిలబెట్టుకోలేనంత పెద్ద మార్పు చేసినప్పుడు నంబర్ మారుస్తారు.

మన కేసులో జరిగింది సరిగ్గా ఇదే. ఉబుంటు 20.04లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1 ఉండేది, అంటే ఎస్ఓ.1.1. 2021 సెప్టెంబర్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3.0 వచ్చింది, ఎస్ఓనేమ్ ఎస్ఓ.3 అయింది. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఉబుంటు 22.04లో 3.0 మాత్రమే ఉంది. పాత 1.1 ప్యాకేజీని రిపోజిటరీలోంచే తీసేశారు.

మరి అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఉబుంటుకి ఈ సంగతి తెలీదా? తెలుసు. తను ఇన్‌స్టాల్ చేసిన ప్యాకేజీల వరకు తెలుసు. పైథాన్, కర్ల్ లాంటివన్నీ కొత్త లైబ్రరీకి తగ్గట్టు మళ్లీ బిల్డ్ అయి వస్తాయి. కానీ మీరు వెబ్‌సైట్ నుంచి జిప్ డౌన్‌లోడ్ చేసి /ఆప్ట్ ఫోల్డర్‌లో ఎక్స్‌ట్రాక్ట్ చేసిన ప్రోగ్రామ్ గురించి ప్యాకేజ్ మేనేజర్‌కి ఏం తెలుస్తుంది? దాని లెక్కలో ఆ ప్రోగ్రామ్ లేనే లేదు. "ఈ పాత లైబ్రరీని ఎవరూ వాడట్లేదు, తీసేయనా?" అని అడుగుతుంది, మనం ఎస్ కొట్టేస్తాం.

ఇంకో కారణం కూడా ఉంది. రిలీజ్ అప్‌గ్రేడ్ చేసేటప్పుడు ఉబుంటు మీరు యాడ్ చేసుకున్న పీపీఏలు, థర్డ్ పార్టీ రిపోజిటరీలు అన్నింటినీ డిసేబుల్ చేస్తుంది. సిస్టమ్ కొత్తదవుతుంది, అవి మాత్రం పాత రిలీజ్ కోసం బిల్డ్ చేసినవిగానే ఉండిపోతాయి.

ముందు ఎర్రర్ ఏ రకమో చూడండి

అన్ని లైబ్రరీ ఎర్రర్లూ ఒకటి కావు. మెసేజ్‌ని బట్టి వైద్యం మారుతుంది.

"నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటే ఆ ఎస్ఓనేమ్‌తో ఫైల్ లోడర్‌కి దొరకలేదు. ఫైల్ సిస్టమ్‌లో లేకపోవచ్చు, లేదా ఉన్నా లోడర్ చూసే చోట లేకపోవచ్చు.

"వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్" అంటే కథ ఉల్టా. మీ సిస్టమ్ పాతది, ప్రోగ్రామ్ కొత్తది. జీలిబ్‌సీ అంటే లైనక్స్‌లో దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌కీ కావాల్సిన మూల లైబ్రరీ. ఉబుంటు 20.04లో 2.31, 22.04లో 2.35, 24.04లో 2.39 ఉన్నాయి. పాత జీలిబ్‌సీ మీద బిల్డ్ చేసిన ప్రోగ్రామ్ కొత్తదాని మీద నడుస్తుంది, కొత్తదాని మీద బిల్డ్ చేసింది పాతదాని మీద నడవదు.

"సింబల్ లుకప్ ఎర్రర్, అన్‌డిఫైన్డ్ సింబల్" అంటే ఫైల్ దొరికింది, కానీ అందులో ఉండాల్సిన ఫంక్షన్ లేదు. చాలాసార్లు దీనికి కారణం తప్పు కాపీ లోడ్ అవ్వడం. ఎప్పుడో మీరు సోర్స్ నుంచి బిల్డ్ చేసి /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో వదిలేసిన పాత లైబ్రరీ ఇప్పుడు అడ్డం పడుతుంటుంది.

"రాంగ్ ఈఎల్ఎఫ్ క్లాస్" అంటే 32 బిట్, 64 బిట్ తేడా. పాత గేమ్స్ ఆడేవాళ్లకి ఎక్కువగా వస్తుంది. 32 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ లైబ్రరీనే కావాలి.

డయాగ్నోసిస్: ఐదు స్టెప్స్

స్టెప్ 1. అప్‌గ్రేడ్ పూర్తిగా అయిందో లేదో చూడండి. మధ్యలో కరెంట్ పోయినా, వైఫై పోయినా సగం ప్యాకేజీలు కొత్తవి, సగం పాతవి అయిపోతాయి. 'సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ' కొట్టండి, తర్వాత 'సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్'. చాలా కేసులు ఈ రెండింటితోనే క్లియర్ అవుతాయి. ఆర్చ్ లైనక్స్ వాడేవాళ్లకి ఒక మాట: డేటాబేస్ మాత్రం రిఫ్రెష్ చేసి ఒక్క ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయడం వల్లే అక్కడ ఈ ఎర్రర్లు ఎక్కువ వస్తాయి. ఎప్పుడూ ఫుల్ అప్‌గ్రేడే చేయండి.

స్టెప్ 2. ఏయే లైబ్రరీలు మిస్ అయ్యాయో మొత్తం లిస్ట్ తీయండి. ఎర్రర్ మెసేజ్‌లో మొదట దొరకని లైబ్రరీ ఒక్కటే కనిపిస్తుంది. అది సెట్ చేస్తే రెండోది, తర్వాత మూడోది. 'ఎల్‌డీడీ' అని కొట్టి, స్పేస్ ఇచ్చి ప్రోగ్రామ్ పూర్తి పాత్ ఇస్తే, ఎడమవైపు కావాల్సిన లైబ్రరీ, కుడివైపు అది ఎక్కడ దొరికిందో చూపిస్తుంది. దొరకనివాటి పక్కన "నాట్ ఫౌండ్" అని ఉంటుంది.

ఒక జాగ్రత్త. ఎల్‌డీడీ కొన్ని సందర్భాల్లో ఆ ప్రోగ్రామ్‌నే రన్ చేసే అవకాశం ఉంది. కాబట్టి ఎక్కడినుంచో డౌన్‌లోడ్ చేసిన, నమ్మకం లేని ఫైల్ మీద దాన్ని వాడొద్దు. దాని బదులు 'ఆబ్జ్‌డంప్ -పి' వాడి, వచ్చిన అవుట్‌పుట్‌లో 'నీడెడ్' అని ఉన్న లైన్లు చూడండి. ఇది ఫైల్‌ని చదువుతుంది అంతే, రన్ చేయదు.

స్టెప్ 3. ఆ లైబ్రరీ సిస్టమ్‌లో అసలు ఉందా? 'ఎల్‌డీకాన్ఫిగ్ -పి' కొడితే క్యాష్‌లో ఉన్న లైబ్రరీలన్నీ వస్తాయి. దాన్ని గ్రెప్‌తో ఫిల్టర్ చేయండి. 22.04లో 'లిబ్‌ఎస్ఎస్ఎల్' అని వెతికితే ఎస్ఓ.3 మాత్రమే కనిపిస్తుంది. అదే మీ జవాబు.

స్టెప్ 4. ఏ ప్యాకేజీలో ఉందో కనుక్కోండి. 'ఆప్ట్-ఫైల్' అనే టూల్ ఇన్‌స్టాల్ చేసి, ఒకసారి 'సుడో ఆప్ట్-ఫైల్ అప్‌డేట్' చేసి, తర్వాత 'ఆప్ట్-ఫైల్ సెర్చ్' పక్కన లైబ్రరీ పేరు ఇవ్వండి. ఇన్‌స్టాల్ చేయని ప్యాకేజీల్లో కూడా వెతికి చెప్తుంది. ఫెడోరాలో అయితే 'డీఎన్ఎఫ్ ప్రొవైడ్స్', ఆర్చ్‌లో అయితే 'ప్యాక్‌మ్యాన్ -ఎఫ్', ఇక్కడ ఎఫ్ క్యాపిటల్.

స్టెప్ 5. ఇంకా అర్థం కాకపోతే లోడర్‌నే అడగండి. ప్రోగ్రామ్ పేరుకి ముందు 'ఎల్‌డీ_డీబగ్=లిబ్స్' పెట్టి రన్ చేయండి. వేరియబుల్ పేరు క్యాపిటల్, 'లిబ్స్' చిన్న అక్షరాలు. లోడర్ ఏ ఫోల్డర్‌లో వెతికిందో, ఏ కాపీ తీసుకుందో లైన్ లైన్‌గా చెప్పేస్తుంది. 'అన్‌డిఫైన్డ్ సింబల్' కేసుల్లో దొంగ దొరికేది ఇక్కడే.

ఇప్పుడు ఫిక్స్: పై నుంచి కిందికి ట్రై చేయండి

మొదటిది, రిపోజిటరీలో ఉంటే అక్కడినుంచే. దీనికి మంచి ఉదాహరణ యాప్‌ఇమేజ్ ఫైల్స్. 22.04 నుంచి చాలా యాప్‌ఇమేజ్‌లు "లిబ్‌ఫ్యూజ్.ఎస్ఓ.2" లేదని ఆగిపోతాయి. ఆ లైబ్రరీ డిఫాల్ట్‌గా రావట్లేదు కానీ రిపోజిటరీలో ఉంది. 'సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ లిబ్‌ఫ్యూజ్2' చాలు. 24.04లో ప్యాకేజీ పేరు 'లిబ్‌ఫ్యూజ్2టీ64'. ఆ టీ64 ఏంటంటే, 2038 జనవరి 19న 32 బిట్ టైమ్ కౌంటర్ నిండిపోయే సమస్య కోసం చేసిన మార్పులో భాగం. ఇక్కడే ఒక గొయ్యి ఉంది: పొరపాటున 'ఫ్యూజ్' అనే ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయొద్దు. అది 'ఫ్యూజ్3'ని తీసేస్తుంది, దానితో పాటు డెస్క్‌టాప్‌కి కావాల్సినవి కూడా పోవచ్చు.

అందుకే ఆప్ట్ 'ఎస్ ఆర్ నో' అడిగినప్పుడు పైన "ది ఫాలోయింగ్ ప్యాకేజెస్ విల్ బి రిమూవ్డ్" అనే లిస్ట్ తప్పకుండా చదవండి. ఒక చిన్న లైబ్రరీ కోసం యాభై ప్యాకేజీలు తీసేస్తానంటే, అక్కడ నో కొట్టడమే తెలివి.

రెండోది, ప్రోగ్రామ్‌నే కొత్తది చేసుకోండి. నిజమైన ఫిక్స్ ఇదే. థర్డ్ పార్టీ రిపోజిటరీ డిసేబుల్ అయి ఉంటే, మీ కొత్త రిలీజ్ పేరుతో మళ్లీ ఎనేబుల్ చేయండి. ఫోకల్ అని ఉన్నచోట జామీ అని మారాలి. ముందు వాళ్ల దగ్గర ఆ రిలీజ్‌కి బిల్డ్ ఉందో లేదో చూసుకోండి. సోర్స్ కోడ్ ఉంటే మీ సిస్టమ్ మీదే మళ్లీ కంపైల్ చేయండి.

పైథాన్ వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లది కూడా ఇదే దారి. 20.04లో పైథాన్ 3.8, 22.04లో 3.10. పాత వెన్వ్ ఫోల్డర్‌ని బాగుచేయడానికి ట్రై చేయకండి. రిక్వైర్‌మెంట్స్ ఫైల్ ఉందిగా, ఫోల్డర్ డిలీట్ చేసి కొత్తది క్రియేట్ చేసుకోండి, ఐదు నిమిషాల పని.

మూడోది, లైబ్రరీ ఉంది కానీ లోడర్‌కి కనిపించట్లేదు. మీరు బిల్డ్ చేసింది /యూఎస్ఆర్/లోకల్/లిబ్‌లో ఉంటే ముందు 'సుడో ఎల్‌డీకాన్ఫిగ్' కొట్టండి, క్యాష్ మళ్లీ తయారవుతుంది. వేరే ఫోల్డర్‌లో ఉంటే /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్ఓ.కాన్ఫ్.డీ లోపల .కాన్ఫ్‌తో ముగిసే చిన్న ఫైల్ పెట్టి, అందులో ఆ ఫోల్డర్ పాత్ రాసి, మళ్లీ ఎల్‌డీకాన్ఫిగ్ కొట్టండి.

నాలుగోది, కంటైనర్. పాత ప్రోగ్రామ్ తప్పదు, కొత్త వెర్షన్ లేదు అనుకోండి. డాకర్‌లో 'ఉబుంటు:20.04' ఇమేజ్ తీసుకుని అందులో నడపండి. కెర్నల్ మీ సిస్టమ్‌దే, లైబ్రరీలన్నీ పాతవి. డెస్క్‌టాప్ యాప్స్ కావాలంటే డిస్ట్రోబాక్స్ ఇంకా ఈజీ. తెల్లవారుజామున నాలుగింటికి మా ప్రాజెక్ట్‌ని లేపింది ఈ పద్ధతే. రివ్యూలో ప్రొఫెసర్ "కంటైనరైజ్ చేశారా, గుడ్" అన్నారు. మేం నలుగురం ఒకరి మొహం ఒకరు చూసుకుని తల ఊపాం.

ఐదోది, పాత లైబ్రరీని ఆ ఒక్క ప్రోగ్రామ్‌కే ఇవ్వడం. ఇది చివరి అస్త్రం. పాత రిలీజ్ అధికారిక ప్యాకేజీ ఫైల్ తెచ్చుకుని, ఇన్‌స్టాల్ చేయకుండా 'డీపీకేజీ-డెబ్ -ఎక్స్'తో ఒక ఫోల్డర్‌లోకి ఎక్స్‌ట్రాక్ట్ చేయండి, ఈ ఎక్స్ చిన్నది. లోపలినుంచి కావాల్సిన .ఎస్ఓ ఫైల్స్‌ని ప్రోగ్రామ్ పక్కన ఒక 'లిబ్' ఫోల్డర్‌లో పెట్టండి. లిబ్‌ఎస్ఎస్ఎల్ ఒక్కటే కాదు, దాని జంట లిబ్‌క్రిప్టో కూడా కావాలి. తర్వాత ఒక చిన్న షెల్ స్క్రిప్ట్ రాసి, అందులో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని ఆ ఫోల్డర్‌కి సెట్ చేసి ప్రోగ్రామ్ రన్ చేయండి. ప్రభావం ఆ ప్రోగ్రామ్‌కి, అది స్టార్ట్ చేసే వేరే ప్రోగ్రాములకి మాత్రమే ఉంటుంది, మిగతా సిస్టమ్ చెక్కుచెదరదు.

సుడోతో రన్ చేస్తే మాత్రం ఈ వేరియబుల్ పనిచేయదు. సెక్యూరిటీ కోసం సుడో దాన్ని తీసేస్తుంది. "నార్మల్‌గా పనిచేస్తోంది, సుడోతో పనిచేయట్లేదు" అనే చిక్కుకి చాలాసార్లు ఇదే కారణం.

ఇది టెంపరరీ అని మర్చిపోకండి. ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 1.1.1కి ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబర్‌లో ఆగిపోయింది. ఉబుంటు 20.04 స్టాండర్డ్ సపోర్ట్ కూడా 2025 మేలో అయిపోయింది. మీరు పక్కన పెట్టుకున్న ఆ కాపీకి ఆప్ట్ ఏ ప్యాచ్ తీసుకురాదు. ఇంటర్నెట్‌కి ఓపెన్‌గా ఉండే సర్వర్ మీద అలా నడిపితే, రేపు ఇంకో హార్ట్‌బ్లీడ్ వస్తే మీరే ఒంటరి.

ఈ మూడు పనులు మాత్రం చేయొద్దు

ఒకటి, కొత్త లైబ్రరీకి పాత పేరుతో సిమ్‌లింక్. ఎస్ఓ.3ని చూపిస్తూ ఎస్ఓ.1.1 అనే లింక్ క్రియేట్ చేయమనే సలహా మీకూ దొరుకుతుంది. ఆ రాత్రి నేను చేసింది ఇదే. వచ్చిన కొత్త ఎర్రర్: "వెర్షన్ ఓపెన్‌ఎస్ఎస్ఎల్_1_1_0 నాట్ ఫౌండ్". కారణం సింపుల్. ఫైల్ పేరు మార్చినంత మాత్రాన లోపల మారదు. పాత లైబ్రరీలో ఫంక్షన్లకి ఓపెన్‌ఎస్ఎస్ఎల్_1_1_0 అనే వెర్షన్ ట్యాగ్ ఉంటుంది, కొత్తదానిలో ఓపెన్‌ఎస్ఎస్ఎల్_3.0.0 ఉంటుంది. లోడర్ ట్యాగ్ చూసి పట్టేసింది.

నిజానికి అలా పట్టేయడం నా అదృష్టం. వెర్షన్ ట్యాగ్స్ లేని లైబ్రరీలో ఇదే ట్రిక్ చేస్తే ప్రోగ్రామ్ మొదలవుతుంది, పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. లోపల ఒక స్ట్రక్చర్ సైజు మారి ఉంటే, తప్పు చోట చదువుతుంది, తప్పు చోట రాస్తుంది. క్రాష్ అయితే సరే. క్రాష్ అవకుండా డేటా పాడైతే, అది మీకు తెలిసేసరికి బ్యాకప్‌లో కూడా పాడైన డేటానే ఉంటుంది. డేటాబేస్ సర్వర్ మీద ఈ పని చేశానని ఇప్పుడు తలుచుకుంటే నాకే భయమేస్తుంది.

రెండు, జీలిబ్‌సీని చేత్తో మార్చడం. "2.34 నాట్ ఫౌండ్" అన్నదని కొత్త జీలిబ్‌సీ ఫైల్స్ తెచ్చి /లిబ్‌లో కాపీ చేశారనుకోండి. ఎల్ఎస్, సీపీ, సుడో, బ్యాష్ అన్నీ దాని మీదే నడుస్తున్నాయి. తప్పు జరిగితే, సరిచేయడానికి వాడాల్సిన కమాండ్స్ కూడా పనిచేయవు. ఆల్రెడీ ఆ గోతిలో ఉంటే, ఓపెన్‌గా ఉన్న టెర్మినల్ మాత్రం మూసేయొద్దు. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి, మీ డిస్క్ మౌంట్ చేసి, పాత ఫైల్స్ వాటి స్థానంలో పెట్టడమే సేఫ్ దారి.

మూడు, ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో పర్మనెంట్‌గా రాయడం. మీరు ఒక ప్రోగ్రామ్ కోసం పెట్టారు, కానీ ఆ టెర్మినల్‌లో నడిచే ప్రతి ప్రోగ్రామ్ ముందు ఆ ఫోల్డర్‌లోనే వెతుకుతుంది. ఆరు నెలల తర్వాత గిట్ ఎందుకు పనిచేయట్లేదో మీకు గుర్తురాదు.

ఫోన్ల వాళ్లకి ఇందులో ఏముంది?

కస్టమ్ రామ్ బిల్డ్ చేసేవాళ్లకి డైరెక్ట్‌గా తగులుతుంది. పాత ఆండ్రాయిడ్ సోర్స్‌తో వచ్చే కంపైలర్ టూల్స్‌కి లిబ్‌ఎన్‌కర్సెస్.ఎస్ఓ.5, లిబ్‌టిన్ఫో.ఎస్ఓ.5 కావాలి. ఉబుంటు 24.04లో ఆ ప్యాకేజీలు లేవు. దీనికి కూడా పాత ఉబుంటు కంటైనర్‌లో బిల్డ్ చేయడమే శుభ్రమైన పద్ధతి.

మీ చేతిలో ఉన్న ఫోన్‌లో కూడా ఇదే కథ నడుస్తోంది. యాప్ ఏపీకే లోపల .ఎస్ఓ ఫైల్స్ ఉంటాయి. 2016లో ఆండ్రాయిడ్ 7.0 వచ్చినప్పుడు, యాప్స్ సిస్టమ్ ప్రైవేట్ లైబ్రరీలని డైరెక్ట్‌గా వాడటాన్ని గూగుల్ ఆపేయడం మొదలుపెట్టింది. కారణం మనం ఇప్పటిదాకా మాట్లాడుకున్నదే: సిస్టమ్ లోపలి లైబ్రరీ మారితే యాప్ చెడిపోతుంది, కాబట్టి మాట ఇచ్చిన లైబ్రరీలే వాడుకో, మిగతావి నీ ఏపీకేలో నువ్వే తెచ్చుకో. 2022లో వచ్చిన పిక్సెల్ 7 అయితే 32 బిట్ యాప్స్‌ని అసలు తీసుకోదు. పాత గేమ్ ఇన్‌స్టాల్ అవకపోతే మీ ఫోన్ తప్పు కాదు, గేమ్‌లో 64 బిట్ లైబ్రరీ లేదు.

ఈసారి అప్‌గ్రేడ్ చేసే ముందు

/ఆప్ట్, /యూఎస్ఆర్/లోకల్, మీ హోమ్ ఫోల్డర్‌లో చేత్తో పెట్టిన ప్రోగ్రాములు ఏమున్నాయో ఒక లిస్ట్ రాసుకోండి. వాటిమీద ఎల్‌డీడీ రన్ చేసి, అవుట్‌పుట్ సేవ్ చేసుకోండి. అవి ఏ ఎస్ఓనేమ్స్ అడుగుతున్నాయో, కొత్త రిలీజ్‌లో అవి ఉన్నాయో లేదో అప్‌గ్రేడ్‌కి ముందే తెలిసిపోతుంది. థర్డ్ పార్టీ రిపోజిటరీల లిస్ట్ కూడా పక్కన పెట్టుకోండి. చివర్లో "పాత ప్యాకేజీలు తీసేయనా" అని అడిగితే, మీ ప్రోగ్రాములు టెస్ట్ చేసేదాకా నో చెప్పండి. తర్వాతైనా తీసేయొచ్చు.

అప్‌గ్రేడ్ అయ్యాక ఒక్కసారి పూర్తిగా రీబూట్ చేయండి. రన్ అవుతున్న ప్రోగ్రాములు పాత లైబ్రరీనే మెమరీలో పట్టుకుని ఉంటాయి, సెక్యూరిటీ ఫిక్స్ వాటికి అందదు. ఎన్విడియా డ్రైవర్ అప్‌డేట్ అయ్యాక వచ్చే "డ్రైవర్ లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్" ఎర్రర్‌కి కూడా చాలాసార్లు రీబూటే మందు. కెర్నల్‌లో పాత డ్రైవర్, డిస్క్ మీద కొత్త లైబ్రరీ ఉండటం వల్ల వచ్చే గొడవ అది.

ఇక అన్నింటికంటే సులువైన సలహా: డెమో, ఎగ్జామ్, ఇంటర్వ్యూ ఏదైనా మర్నాడు ఉంటే, ఆ రాత్రి అప్‌గ్రేడ్ బటన్ జోలికి వెళ్లకండి. ఆ నోటిఫికేషన్ ఎక్కడికీ పోదు, ఆదివారం పొద్దున కూడా అక్కడే ఉంటుంది.